సంతకం ఉన్న నాలుగు తప్పులు

...కిటికీ పక్కన సీటు దొరికినందుకు కూడా స్తోత్రం చెప్పాలా, చెబితే పోయేదేముంది, ఇవాళ అన్నిటికీ చెప్పాలనే ఉంది, తిరుమయిలై స్టేషన్లో రైలెక్కినప్పటి నుంచి జెబ పెదాలు వాటంతట అవే కదులుతున్నాయి, ఎదుటి సీట్లో కనకాంబరాల సంచీ ఒళ్ళో పెట్టుకున్నావిడ వింతగా చూస్తోంది, చూడనీ, ఐదేళ్ళు వేదాంత కళాశాలలో టెంపరరీగా హీబ్రూ చెప్పిన మనిషి పర్మనెంటు అయితే నోరు ఊరుకుంటుందా, ఇంతలో ఫోన్, వ్యాసర్పాడి నుంచి అమ్మ, ఏమాయ మే జెబా, పొద్దున్నుంచి పచ్చినీళ్ళు ముట్టలా నేను, అయిందమ్మా, పర్మనెంటే, ముందు పోయి అన్నం తిను, అవతల ఏడుపో నవ్వో తెలియని చప్పుడు, ఎవురి పుణ్యమో గానీ వాళ్ళ కడుపు చల్లగా ఉండాల మే.

ఎవరి పుణ్యం, దామోదరంగారిది, అదే కదా ఇంకా నమ్మబుద్ధి కానిది, ఐదేళ్ళుగా స్టాఫ్ రూములో, చాపెల్ మెట్ల మీద, ఎక్కడ పడితే అక్కడ తనతో తగువుపడిన పెద్దాయన, దేవుడితో పోట్లాడటం కూడా ప్రార్థనే అని జెబ క్లాసులో చెబుతుందంటే ఆయనకు ఒళ్ళుమంట, మధ్యాహ్నం కమిటీలో ఆయన్ని చూడగానే ఇక నా ఉద్యోగం గంగలో కలిసినట్టే అనుకుంది, దానికి తోడు ప్రిన్సిపాల్ చేతిలో ఆ కవరు, ఆకాశరామన్న ఉత్తరం, ఈ ఊళ్ళో తమిళంలో మొట్టై కడుదాసి అంటారు, ఎవరి ఉద్యోగమైనా ఖాయం చేసే ముందు ఒకటి రావడం, కమిటీ తలుపులేసుకుని చదవడం, అందులో ఏముందో చెప్పకుండానే ఆ మనిషిని ఇంటికి పంపడం అక్కడ ఆచారమైపోయింది, మూడేళ్ళ కిందట ఆశక్కని అట్లాగే పంపారు, గ్రీకు చెప్పే ఆశక్క, బంగారం లాంటి టీచరు, నా తప్పేందో చెప్పండయ్యా అని వరండాలో నిలబడి అడిగింది, ఎవరూ చెప్పలేదు, జెబ కూడా టీ గ్లాసు పట్టుకుని తల వంచుకుంది, ఆ సిగ్గు ఇవాళ్టికీ పోలేదు.

కవరు చించి కాగితం చదవబోతున్న ప్రిన్సిపాల్‌కి దామోదరంగారు చెయ్యి అడ్డం పెట్టారు, ఉండండి సార్, కింద పేరుందా చూడండి, లేదన్నారు ప్రిన్సిపాల్, లేకపోతే చదవొద్దు, ఆశమ్మ విషయంలో చదివినాము, నేనూ చెయ్యెత్తినా, ఆ తప్పు నాకింకా గొంతులో అడ్డంగానే ఉండాది, ఈ పిల్ల పాఠం మీద నాకూ తగాదా ఉండాది, నాలుగు తప్పులు రాసి కింద సంతకం పెట్టిండాను, ఆమె ముందరే చదువుతా, ఆమెను బదులు చెప్పనీండి, అని చదివారు, ఒక్కొక్కటీ నిలిపి నిలిపి, జెబ మూడింటికి బదులు చెప్పింది, నాలుగోది, వెనకబడ్డ పిల్లల కోసం ఆగకుండా పరుగెడుతుందన్నది, నిజమే సార్ అని ఒప్పుకుంది, ఆయన కాగితం తిప్పి చివరి మాట చదివారు, ఈమె చెప్పేది నాకు సమ్మతం కాదు, చెప్పే పని మాత్రం నిఖార్సుగా చేస్తోంది, ఈమెను పర్మనెంటు చేయాలి, అందరూ చెయ్యెత్తారు, ఆయనదే మొదటి చెయ్యి, బయటికొచ్చాక కళ్ళనీళ్ళతో ఎదురు నిలబడితే ఏందిమ్మా ఇది, రేపు మళ్ళా మనిద్దరం తగువు పడాల గదా, దానికి ఓపిక దాచిపెట్టుకో పో అన్నారు, ఆ మాటకు జెబ ఏడుస్తూనే నవ్వేసింది.

బీచ్ స్టేషన్లో ఆవడి బండికి మారి కూర్చున్నాక కూడా ఆ నవ్వు తగ్గలేదు, అప్పుడే నితిన్ నుంచి మెసేజ్, కంగ్రాట్స్ అక్కా, వచ్చే ఏడు నా వంతు, నాకోసం ప్రార్థన చెయ్యండి, కౌన్సెలింగ్ పాఠం చెప్పడానికి గిటారు పట్టుకొచ్చే కుర్ర టీచరు, తనలాగే టెంపరరీ, తప్పకుండా తమ్ముడూ అని టైపు చేయబోయి వేలు ఆగిపోయింది, తమ్ముడేంటి, పోయిన నెల క్యాంటీన్లో నలుగురి ముందు ఆ అబ్బాయి నిలవడు, అంతా పైపై పటాటోపం అన్నది తనే కదా, ప్రిన్సిపాల్ చెవిన కూడా వేసింది, నితిన్‌తో మాత్రం ఒక్క ముక్క అనలేదు, కనిపిస్తే బాగున్నావా అని నవ్వింది, ఇప్పుడా మాట ఎక్కడెక్కడ తిరుగుతోందో, జెబగారు అన్నారని ఎవరు చెబుతారు, అందరూ అంటున్నారు అని చెబుతారు, వచ్చే ఏడు కమిటీలో అతను ఎదురుగా కూర్చునేసరికి ఆ మాట అతనికంటే ముందే వచ్చి కూర్చుని ఉంటుంది, కింద పేరు లేకుండా, మొట్టై కడుదాసికి కాగితమూ కలమూ అక్కర్లేదు, తను నెల రోజులుగా రాస్తూనే ఉంది, దేవుడి దయ, ఇంకా ఏడాది ఉంది, ముందు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి ఆ మాట నాది అని చెప్పాలి, తర్వాత నితిన్ పాఠం ఒకటి మొదటి నుంచి చివరి దాకా వినాలి, నచ్చనిదేదో అతని ముఖం మీదే చెప్పాలి, అతను బదులు చెబితే నోరు మూసుకుని వినాలి.