వరి వేషం కట్టిన ఊద

ఏసమ్మ ఏరిన మడిలో ఊద తలలెత్తిందన్న సంగతి, ఆటో పెన్‌పహాడ్ దాటేలోపే కూలి ముఠాలోని ఆడవాళ్లందరికీ తెలిసిపోయింది.

ఊద అంటే వరిలో మొలిచే కలుపు. చూడటానికి అచ్చం వరిలాగే ఉంటుంది. ఈని కంకి వేసిన తర్వాత గానీ దాని బండారం బయటపడదు. ఆ పొలం ఆసామి కృష్ణమూర్తి విత్తనం కోసం వరి వేశాడు. సూర్యాపేట నుంచి ఆఫీసర్లు వచ్చి, చూసి, సరేనంటేనే అది విత్తనం. ఊద కలిసిందన్నారంటే మిర్యాలగూడ మిల్లుకు పోయి మామూలు బియ్యమవుతుంది. అందుకే మందు కొట్టినా సరే, పైన చేత్తో ఏరడానికి ఏటేటా ఏసమ్మ ముఠానే పిలిచేవాడు.

ఆ వేళ గట్టు మీద నిలబడి ఊద కంకి ఒకటి ఊపుతూ అడిగాడు.

"ఏం ఏసమ్మా, ఈ మడిల నువ్వు తిరిగినవా, కొంగ తిరిగిందా?"

"మేమే తిరిగినం సారూ. దుబ్బు దుబ్బు సూసినం."

"సూస్తే గిట్లెందుకుంటది? ఇదంటే తల బయటపెట్టింది, పీకి పడేస్తరు. కింది మడి ఇంకా ఈనలే. గాడ గూడ గిట్లనే అయిందనుకో, ఇగ వానకాలం కెళ్లి ముఠాను గోపిక తీస్కొస్తది. నీకు రెస్ట్."

రెస్ట్ అన్న మాట ఏసమ్మకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. మొగుడు పోయాక బిడ్డను చదివించింది ఈ ముఠాతోనే. ముఠా ముందు నడిచిన మనిషి ఇప్పుడు వెనక వరసలో నడవాలా?

గోపిక కోదాడ పిల్ల. ఈ ఊరికి కోడలై వచ్చింది, ఏసమ్మను వరస కలిపి అత్తా అంటుంది. పనిలో చురుకు, నోట్లో ఇంకా చురుకు. తిరుగు ఆటోలో ఊరుకోలేదు.

"అత్తా, నీ కళ్లకు పొరలొచ్చాయేమో. కోదాడలో మా బాబాయి చూపించుకున్న డాక్టరున్నాడు, తీసుకెళ్తాను పద."

"నా కండ్లకేం కాలే. ముందుగాల నీ నోటికి సూపిచ్చుకో."

ఆటో అంతా నవ్వింది. ఏసమ్మ కూడా నవ్వింది గానీ, ఇంటికి రాగానే సూదీ దారం తీసి చూసుకుంది. ఒక్కసారికే దారం ఎక్కింది. కళ్లు బాగానే ఉన్నాయి. మరి ఊద ఎందుకు కనబడలేదు?

కూతురు మంజుల పాలకీడు బడిలో సైన్సు టీచరు. ఆదివారమని వచ్చింది. ఇద్దరూ వాకిట్లో కూచుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

"ఏందమ్మా, కాయలు పారేసి ఈనెలు గిన్నెలేస్తున్నవ్?"

ఏసమ్మ జరిగిందంతా చెప్పింది. మంజుల తల్లి మనసు మళ్లిద్దామని, "రేపు పిల్లలకు చెప్పే పాఠం నీకు చెప్తా, ఇను" అని మొదలుపెట్టింది.

"మన తాతల తాతల కాలంల ఒక ఇంగ్లీషాయన ఉండె. పైసలున్నోడు కాదు. ఓడెక్కి పోయి దీవి దీవి తిరిగి, పురుగులను, పిట్టలను పట్టి లండన్‌కు పంపి అమ్ముకునేటోడు."

"పురుగులు కొనేటోళ్లు గూడ ఉంటరానే?"

"ఉన్నరు మరి. గాడ ఒక సీతాకోకచిలుక ఉండె. రెక్కలిప్పితే మంచి రంగు, ముడిస్తే ఎండుటాకు. ఈనెలు, మచ్చలు అన్నీ ఆకుకున్నట్టే. ఈయన దాని ఎంట ఉరికేటోడు. అది కొమ్మ మీద వాలేది. ఇగ కండ్ల ముంగటనే మాయం."

ఏసమ్మ చేతులు ఆగిపోయాయి. "ఆయన కండ్లకు గూడ పొరలొచ్చినయన్నరా ఎవరన్నా?"

మంజుల పకపకా నవ్వింది. "దానికంటె ముందే ఒక దీవిల ఆయనకు చలిజ్వరం పట్టింది. దుప్పటి కప్పుకొని వణుక్కుంట ఆలోచించిండు. పుట్టినయన్నీ బతకవు గదా, బతికేటియి ఏవి అని. గదే ఆలోచనతోటి ఈ ముడి ఇప్పిండు. ఆకులెక్క కనబడనిదాన్ని పిట్ట పట్టి తింటది. జరంత ఆకులెక్క ఉన్నది తప్పించుకొని గుడ్లు పెడ్తది. దాని పిల్లలల్ల ఇంకింత ఆకులెక్క ఉన్నది మిగులుతది. తరాలు పోంగ పోంగ ఇగ ఆకే అయి కూసుంది."

"మరి దేవుడేం జేసిండే?"

"జ్వరంల వణికేటోనికి గంత తెలివి ఎవరిచ్చిన్రంటవ్?"

వేరే రోజైతే ఆ జవాబుకు ఏసమ్మ మురిసిపోయేది. ఇప్పుడు ఆమె చూపు ఎక్కడో ఉంది.

"అంటే దాన్ని ఆకు జేసింది పిట్టలేనా?"

"పిట్టలే. వాటికి తెల్వకుంటనే చేసినయ్."

"మంజులా, ఆ పిట్టలం మేమేనే!"

గిన్నె పక్కకు నెట్టింది. "నేను పనికెక్కిన కొత్తల ఊద మొదలు ఎర్రగుంటుండె, దుబ్బు నేల మీద పరుచుకుంటుండె. ఎర్రగున్నయి పీకినం. పరుచుకున్నయి పీకినం. పచ్చగ, నిటారుగ ఉన్నది ఒక్కటో రెండో తప్పించుకొని గింజ రాల్చింది. ఏండ్లకేండ్లు ఏరి ఏరి దానికి వరి వేషం మేమే కట్టినం గదే!"

"గిట్లాంటి కలుపు సంగతి నేనెక్కడో సదివిన గానీ, మన కృష్ణమూర్తి సారు మడిల ఉంటదని తోచలేదమ్మా" అంటూ మంజుల తల్లి చేతులు పట్టుకుంది. "మీరు రంగు సూస్తరు, మొదలు సూస్తరు, దుబ్బు సూస్తరు. ఇంకేం సూస్తరు?"

ఏసమ్మ, కూతురు పట్టుకున్న తన వేళ్ల వంక చూసుకుంది.

తెల్లవారి ఆమె అందరికన్నా ముందు పొలం చేరింది. పై మడిలో తలెత్తిన ఊద ఒకటి, వరి ఒకటి పీకి గట్టు మీద కూచుంది. చూస్తే మోసపోతానని కళ్లు మూసుకుని, రెండింటినీ వేళ్లతో మొదలు నుంచి పైకి తడిమింది. ఆకు కాడను విడిచి బయటికి వచ్చే చోట వరికి పిల్లి నాలుకంత పలచటి పొర వేలికి తగిలింది. ఊదకు అక్కడ ఏమీ లేదు, నున్నగా ఉంది. మరో నాలుగు దుబ్బులు పీకి చూసింది. అంతే.

ఇన్నేళ్లలో ఆ సందులోకి ఎవరూ చూడలేదు. ఎవరూ చూడని చోట వేషం కట్టే అవసరం ఊదకు రాలేదు.

ముఠా దిగగానే గోపికను పిలిచి రెండు మొక్కలూ చేతిలో పెట్టింది. "కండ్లు మూస్కో."

"ఎందుకత్తా, బురదలో తోస్తావా?"

"తోసేదుంటే ఎప్పుడో తోస్తుంటి. మూస్కొని గీ ఆకు సందుల తడుము. నాలుక తగిలితే వరి, తగలకుంటే ఊద."

గోపిక తడిమింది. కళ్లు తెరిచి ఏసమ్మ మొహంలోకి చూసింది. ఇక కోదాడ డాక్టరు ఊసెత్తలేదు. ఆ పూట ఆడవాళ్లంతా కింది మడిలో దుబ్బు దుబ్బునా వేలు పెట్టి తడుముతూ నడిచారు. పని నత్తనడక నడిచింది. కృష్ణమూర్తి గట్టు మీదుగా పోతూ, "వరికి జ్వరమొచ్చిందా, నాడి పడ్తున్నరు?" అన్నాడు.

కింది మడి ఈనింది. కృష్ణమూర్తి గట్లన్నీ తిరిగి, ఎక్కడో మూల నుంచి ఒకే ఒక్క ఊద కంకి పట్టుకొచ్చాడు.

"ఇదేంది ఏసమ్మా?"

"అది గోపిక సాలుది సారూ."

"అబద్ధం! అత్త సాలుదే సారూ!"

కృష్ణమూర్తికి నవ్వాగలేదు. "ఎవరిదైతేంది, ఒక్కటే గదా. వానకాలానికి నువ్వే రావాలె ఏసమ్మా. నీ రెస్ట్ నేనే తీస్కుంట."

తిరిగి వెళ్లేటప్పుడు గోపిక ఆలోచనలో పడింది. "అత్తా, ఇప్పుడు మనం నాలుక లేనివన్నీ పీకుతున్నాం కదా. ఇక ఊద నాలుక కూడా పెంచుకుంటుందేమో?"

"పెంచుకోనీ. గా యాల్లకు ముఠా నీదే అయితది, ఏడ తడమాల్నో నువ్వే ఎతుక్కో. ఇప్పుడైతే ఆటో ఎక్కు, నాకు ఆకలైతున్నది."