పడమటి వైపు కేబిన్

అక్టోబరు వచ్చిందంటే కెనడాలోని బెరెజా ఊళ్ళో మగవాళ్ళకి ఒరీసియా మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చేది. వేట రోజుల్లో పొద్దున్నే ఆవిడ మొగుడు నెస్టర్ ఫ్లాస్కు నిండా టీ పోసి, ట్రక్కు వెనక భాగంలో పాత కుర్చీ ఒకటి వేసి, ఆవిడ కాళ్ళ మీద దుప్పటి కప్పి కూర్చోబెట్టేవాడు. “దక్షిణం వైపే చూస్తుండు, మెడ తిప్పకు,” అనేవాడు. ఆవిడ దక్షిణం వైపు చూస్తూ టీ తాగేది. అరగంట తిరక్కుండానే ఉత్తరం వైపు నుంచి జింకలు వచ్చేవి. తుపాకులు పేలేవి. మగవాళ్ళు ఒకరినొకరు మెచ్చుకునేవాళ్ళు. ఆవిడ చూసిందల్లా కోతలైపోయిన గోధుమ పొలం, దాని మీద ఆకాశం.

అడవి ప్రాణి ఏదైనా సరే, ఒరీసియా చూపు లేని చోటికే వస్తుంది. పుట్టినప్పటినుంచీ అంతే. కుక్కలకీ ఆవులకీ ఈ పట్టింపు లేదు. జింకలు, నక్కలు, బాతులు, గుడ్లగూబలు మాత్రం ఆవిడ అటు తిరిగితే ఇటూ, ఇటు తిరిగితే అటూ వస్తాయి. పెళ్ళైన కొత్తలో చేతి అద్దం పట్టుకుని వెనక్కి చూడబోయింది. జింకలు అద్దంలోంచి కూడా పక్కకి తప్పుకున్నాయి. ఊళ్ళో దీన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. ఒకరిది ఎడమచేతి వాటం, ఇంకొకరికి వేరుశనగలు పడవు, ఒరీసియాది ఇదీ. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ వేటగాళ్ళు ముందుగా ఫోన్ చేసి ఆవిణ్ణి మాట్లాడుకునేవాళ్ళు. ఫోన్ తీసేది నెస్టర్. ఒప్పుకునేది కూడా నెస్టరే.

అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి ఆవిడకి. ప్రాణంతో ఉన్న జింకని ఒక్కదాన్నీ చూడలేదు. పళ్ళెంలో మాత్రం చాలా చూసింది.

ఆ ఏడు చలికాలంలో కళ్ళు మొరాయించాయి. ఎదుటి మనిషిని చూస్తే చెవులు కనిపిస్తున్నాయి, ముఖం కనిపించడం లేదు. పేకముక్క చూస్తే అంచులున్నాయి, మధ్యలో రాజో రాణో తెలియడం లేదు. సస్కటూన్ నగరంలో డాక్టరు పరీక్షించి, చూపు నడిమధ్యలో మచ్చ మొదలైందనీ, అది పెరుగుతుందే తప్ప తగ్గదనీ, చుట్టూ అంచుల్లో చూపు మాత్రం మిగులుతుందనీ చెప్పాడు. ఏదైనా చూడాలని ఉంటే ఈ ఎండాకాలంలోనే చూసేయమన్నాడు.

కారులో తిరిగొస్తూ ఒరీసియా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది. సగం దారిలో అంది, “నాకో తిమింగిలాన్ని చూడాలనుందయ్యా.”

“తిమింగిలమా? ఈ గోధుమ చేలల్లో ఎక్కడ తెచ్చేది?”

“అలాస్కా వెళ్ళే ఓడలున్నాయిగా. జింకైతే పొద చాటుకి పోతుంది. తిమింగిలం ఎక్కడికి పోతుంది, అంత ఒళ్ళు వేసుకుని?”

రెండు వారాల తర్వాత నెస్టర్ టికెట్లు తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. వాంకూవర్‌లో ఓడ ఎక్కి ఏడు రోజులు. ఆయన చిన్ననాటి స్నేహితుడు బోడాన్ కూడా వస్తున్నాడట. “మేమిద్దరం ఒక కేబిన్‌లో ఉంటాం. నీకు వేరే కేబిన్, సొంత బాల్కనీతో. నా గురక నీకు పడదు కదా,” అన్నాడు.

నలభై నాలుగేళ్ళ కాపురంలో తన నిద్ర గురించి ఆ మనిషి ఆలోచించడం అదే మొదలు. ఒరీసియా పొయ్యి వైపు తిరిగి, బోర్ష్ అనే బీట్‌రూట్ చారు కలుపుతున్నట్టు నటిస్తూ ఏడ్చింది.

ఏప్రిల్లో ఒకరోజు నెస్టర్ మందులు ఇంట్లో మరిచిపోతే, ఇవ్వడానికి తనే కాఫీ హోటల్‌కి నడిచింది. పొద్దున పదింటికి ఊళ్ళో రైతులంతా అక్కడే ఉంటారు. ఆ రోజు నెస్టర్, బోడాన్ ఒక బల్ల మీద ఓడ ప్లాను పరుచుకుని దాని మీద వంగి ఉన్నారు. ఒరీసియా వచ్చింది వాళ్ళు గమనించలేదు.

“మనది ఇదిగో, తూర్పు వైపు,” అంటున్నాడు నెస్టర్. “నేల అంతా తూర్పునే ఉంటుంది. కొండలూ ఎలుగుబంట్లూ అన్నీ మనవైపే. ఒరీసియాది సరిగ్గా మనకెదురుగా, వరండాకి అవతల, పడమటి వైపు. ఆవిడ సముద్రంకేసి చూస్తూ కూర్చుంటుంది. ఇక తిమింగిలాలన్నీ ఎటొస్తాయంటావ్?”

“మన ఒళ్ళోకి!” అని బోడాన్ బల్ల మీద చరిచాడు. “బుర్రంటే నీదిరా.”

ఒరీసియా మందుల డబ్బా బల్ల మీద పెట్టింది.

“గురకా?” అంది.

“అది కాదు ఒరీసియా...”

“గురక అన్నావు నాతో. నేను నమ్మాను. నమ్మి ఏడ్చాను కూడా.”

బోడాన్ లేచి కుర్చీ జరిపాడు. “వదినా, కూర్చో, కోప్పడకు. నువ్వెలాగూ చూడలేవు కదా, ఏ వైపు కూర్చున్నా అంతే కదా. మేమైనా చూసి ఫొటోలు తీసి...”

“నీ ఫొటోలు తీసుకెళ్ళి నీ పొయ్యిలో పెట్టుకో! ఏ వైపు కూర్చున్నా అంతేనా? ఆ ముక్క అనుకోవాల్సింది నేను, నువ్వు కాదు. కళ్ళు పోతున్నాయిరా నావి. ఆఖరిసారి చూడ్డానికి పోతుంటే, అక్కడ కూడా నన్ను ట్రక్కులో కుర్చీ లాగా వాడుకుంటారా?”

ఆ హోటల్లో ఉన్న మగవాళ్ళలో ఆవిడ వీపు వెనక జింకను కొట్టనివాడు ఒక్కడూ లేడు. అందరూ తమ తమ కాఫీ కప్పుల్లోకి చూసుకున్నారు. ఎంత సిగ్గుపడ్డారో తెలీదు గానీ, లేచి నిలబడి “తప్పు చేశాం” అన్నవాడు మాత్రం లేడు.

ఇంటికొచ్చి టికెట్లమ్మిన ఆఫీసుకి ఫోన్ చేసింది. జానెల్ అనే అమ్మాయి తీసింది.

“నా కేబిన్ మార్చాలమ్మా. నాకు తూర్పు వైపు కావాలి.”

“ఒరీసియా గారా? బెరెజా ఒరీసియా గారేనా? మా బాబాయి మీ వెనక నిలబడి రెండు దుప్పుల్ని కొట్టాడట అండీ! ఇప్పటికీ చెప్తుంటాడు.”

“కొట్టే ఉంటాడు,” అంది ఒరీసియా పళ్ళు బిగించి. “కేబిన్ సంగతి చెప్పు.”

జానెల్ వెతికింది. తూర్పు వైపు అన్నీ నిండిపోయాయి. ఓడ మధ్యలో కిటికీ కూడా లేని గది ఒకటుంది. అది మాత్రం ఎవరికీ వద్దు. “అసలు మీరేం చూడాలనుకుంటున్నారండీ?” అని అడిగింది.

ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరైనా అడిగారేమో అని ఒరీసియా వెతుక్కుంది. “తిమింగిలం. అది కుదరకపోతే కొండలు. కొండలు నన్ను చూసి తప్పుకోవు.”

“కొండలైతే మీ కేబిన్ మార్చొద్దండీ. మీ ఆయన ఫోన్లో తూర్పు, పడమర అంటూనే ఉన్నారు. ఓడకి తూర్పు ఏమిటండీ? అది మంచుగడ్డల దాకా పోయి వెనక్కి తిరుగుతుంది. అక్కణ్ణుంచి మీ బాల్కనీయే తూర్పు. నేను చెప్పబోతే, దిక్కులు నాకు నేర్పుతావా అని ఫోన్ పెట్టేశారు.”

బెరెజాలో రోడ్లన్నీ దిక్కులు చూసి గీసినవే. అన్నం బల్ల దగ్గర కూడా “నీకు ఉత్తరాన ఉప్పుంది, ఇలా ఇయ్యి” అంటారు. ఇల్లు కదలదు, పొలం కదలదు, చర్చి కదలదు. ఓడ తిరుగుతుందన్న సంగతి నెస్టర్ బుర్రకి తట్టలేదు. ఒరీసియా ఫోన్ పెట్టేసి, ఏప్రిల్ నెలంతటికీ మొదటిసారి నవ్వింది. నెస్టర్‌కి మాత్రం చెప్పలేదు.

జూన్‌లో ఓడెక్కారు. ఉత్తరంగా సాగిన మూడు రోజులూ ఒరీసియా తన బాల్కనీలో కూర్చుంది. అటు దీవులూ నీళ్ళూ తప్ప ఏమీ లేవు. వరండా అవతలి తలుపు వెనక నుంచి నెస్టర్, బోడాన్‌ల కేకలు వినబడుతూనే ఉన్నాయి. “అదిగో! ఇంకోటి! తోక చూడు తోక!” ఒకసారి ఆవిడ కోపంతో పరిగెత్తి వాళ్ళ కేబిన్‌లోకి వెళ్ళింది. ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టేసరికి నీళ్ళు ఖాళీ.

“నువ్వెందుకొచ్చావ్? పాడుచేశావు!” అన్నాడు నెస్టర్.

మూడో రోజు భోజనాల దగ్గర బోడాన్ గ్లాసు ఎత్తాడు. “పదకొండు తిమింగిలాలు! అంతా వదిన చలవే.” పక్క బల్లల వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. అప్పటికే ఓడంతా ఆ వార్త పాకింది. తూర్పు వైపు కేబిన్ల వాళ్ళు ఆవిడకి కేకు ముక్క పంపారు.

ఒరీసియా లేచి నిలబడింది. గొంతు తగ్గించలేదు. “ఆ కేకు నాకొద్దు. పదకొండూ చూసింది మీరు. నేను మూడు రోజులుగా ఖాళీ నీళ్ళు చూస్తున్నాను. నెస్టర్, నీకు పెళ్ళాం ఉందా, వేటకుక్క ఉందా? కుక్కకైనా బొమిక వేస్తారు.”

“నలుగురిలో ఏమిటిది?” అన్నాడు నెస్టర్ మెల్లగా.

“నలుగురూ విననీ. నన్ను వాడుకున్నది కూడా నలుగురే కదా.”

భోజనం వదిలేసి వెళ్ళిపోయింది.

నాలుగో రోజు నిద్ర లేచేసరికి మచ్చ పెద్దదైంది. ముందు రోజు టీ కప్పంత ఉన్నది ఇప్పుడు అన్నం పళ్ళెమంత ఉంది. అద్దంలో తన జుట్టు కనిపించింది, భుజాలు కనిపించాయి. మధ్యలో తను లేదు. మంచం అంచున కూర్చుంది. భయం వేసింది. ఆ భయం కన్నా కోపమే ఎక్కువ వేసింది. ఇంకా కాస్త బాగున్న ఆ మూడు రోజుల చూపునీ ఖాళీ నీళ్ళ మీద ఖర్చు పెట్టించారు వీళ్ళు.

ఆ మధ్యాహ్నం ఓడ మంచుగడ్డల ముందు ఆగి, నెమ్మదిగా తిరిగి దక్షిణానికి బయల్దేరింది. పావుగంటలో తలుపు దబదబా బాదుతూ నెస్టర్ వచ్చాడు.

“ఒరీసియా, మా వైపు కొండలన్నీ పోయాయి! తూర్పు నీ వైపుకొచ్చింది!”

“అవును.”

“నీకు ముందే తెలుసా?”

“నీకు దిక్కులు నేర్పేంతదాన్నా నేను?”

నెస్టర్ గుమ్మం దగ్గరే తచ్చాడాడు. “పోనీ, కేబిన్లు మార్చుకుందామా?”

“నీ గురక నాకు పడదు,” అని తలుపేసింది.

ఆయన వరండాలోంచి అరిచాడు. “కొండలు నువ్వే ఉంచుకో! తిమింగిలాలు ఎలాగూ మా వైపే వస్తాయి. నువ్వు మాత్రం అటే చూస్తూ ఉండు!”

ఐదో రోజు మధ్యాహ్నం ఒరీసియా బాల్కనీలో కూర్చుని కొండలు చూస్తోంది. చూస్తోందంటే, నేరుగా చూస్తే కొండ మాయమవుతోంది, పక్కన మంచు మిగులుతోంది. కళ్ళు పక్కకి తిప్పితే ఇటు కొండ వచ్చి అటుది పోతోంది. ముక్కలు ముక్కలుగానైనా చూస్తాను అనుకుంది. ఓడ చప్పుడు లేకుండా పోతోంది.

అప్పుడు ఎదురుగా ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు.

ఆవిడ కదల్లేదు. మళ్ళీ అదే చప్పుడు వచ్చింది. నేరుగా ఆ వైపే చూసింది. మచ్చలో ఏమీ లేదు. కానీ మచ్చ పైన తెల్లటి ఆవిరి చెట్టంత ఎత్తు లేచింది. మచ్చకి ఒక పక్క పొడవాటి తెల్లని రెక్క నీళ్ళలోంచి లేచి పడింది. ఇంకో పక్క, అంత దూరంలో, నల్లటి తోక నీళ్ళు కారుతూ పైకొచ్చింది. ఈ రెక్కకీ ఆ తోకకీ మధ్యలో మచ్చ. మచ్చ నిండా తిమింగిలం. మచ్చ కన్నా తిమింగిలమే పెద్దది.

ఒరీసియా కమ్మీ పట్టుకుని లేచింది. అడవి ప్రాణి తన చూపు లేని చోటికే వస్తుందని పుట్టినప్పటినుంచీ తెలుసు. ఇప్పుడు ఆవిడకి చూపు లేని చోటు నడిమధ్యనే ఉంది. ఆవిడ ముఖం ఎటు తిప్పితే అదీ అటే వచ్చింది. కాసేపటికి ఇంకోటొచ్చింది, దాని వెంట పిల్ల వచ్చింది. ఆవిడకి ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుంటే ఆ క్షణం చూడకుండా పోతుందని తుడుచుకోలేదు.

తలుపు చప్పుడైంది. ఆవిడ చాలాసేపు పట్టించుకోలేదు. ఆగకుండా బాదుతుంటే వెళ్ళి కాస్త తీసింది. నెస్టర్ నిలబడి ఉన్నాడు, మెడలో బైనాక్యులర్స్‌తో.

“ఒక్కటి కూడా రాలేదు మా వైపు! నిన్నటినుంచీ ఒక్క సీల్ కూడా లేదు. నువ్వు అటే చూస్తున్నావా?”

“అటే చూస్తున్నాను.”

“కళ్ళు తెరిచే?”

“తెరిచే.”

“మరి అవన్నీ ఎక్కడికి పోయాయి?”

బయట తిమింగిలం ఊపిరి వదిలింది. నెస్టర్ విన్నాడు. ఒరీసియా భుజం మీదుగా బాల్కనీ వైపు చూశాడు. ముఖంలో ఏం మారిందో ఆవిడకి తెలియలేదు. ఆయన చెవులు మాత్రం ఎర్రబడటం చూసింది.

“ఒరీసియా,” అన్నాడు. “నీ ముందుకే వచ్చాయా?”

“నా ముందుకే వచ్చాయి.”

“నన్ను కూడా కాస్త రానీ.”

ఆవిడ గుమ్మంలోంచి జరగలేదు. “నలభై నాలుగేళ్ళు చూశావు నెస్టర్. నా వంతు ఇప్పుడే మొదలైంది. నా కళ్ళకి ఎన్నాళ్ళుందో డాక్టరుకే తెలీదు. నీకు చెప్పడానికి కూడా నా దగ్గర టైము లేదు.”

తలుపేసి గడియ పెట్టింది.

కుర్చీ కమ్మీ దాకా లాక్కుని కూర్చుంది. కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని ఆవిడకి అనిపించనూ లేదు. ఆ కోపంతోనే, గడ్డం కమ్మీ మీద ఆనించి, నేరుగా ముందుకి చూసింది. తిమింగిలం ఇంకా అక్కడే ఉంది.