ఏడు కంచాలు

ఆ రేవులో ఆమెను అందరూ గండాలమ్మ అనేవాళ్ళు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఇంకేదో ఉండేది గానీ, పిలిచేవాళ్ళు లేక అది తుప్పు పట్టిపోయింది. ఆమెకు ప్రతిదాంట్లోనూ ఒక గండం కనిపించేది. పాలు పొంగితే ఇల్లు అంటుకుంటుందేమో. కూతురు రొయ్యల షెడ్డులో పనిచేస్తూ వేలు గీసుకుంటే చెయ్యి తీసేయాల్సొస్తుందేమో. ఎవరైనా తలుపు కొట్టకుండా లోపలికొస్తే చెడ్డ కబురు తెచ్చారేమోనని గుండె దడ. తలుపు కొట్టి వస్తే ఇంక అనుమానమే లేదు, చెడ్డ కబురే.

చిత్రమేమిటంటే ఆమె మొగుడు సముద్రంలో పోలేదు. ఒడ్డునే, మంచం మీద, జ్వరంతో పోయాడు. అయినా ఆమె భయమంతా నీళ్ళ మీదే. కొడుకు పెద్ద బోటు మీద వల లాగే పనికి వెళ్ళేవాడు. వాడు బయల్దేరేముందు ప్రతిసారీ అదే తంతు. చెప్పులు దాచేసేది, గాలి బాగాలేదనేది, కడుపులో నొప్పనేది. వాడు నవ్వుకుంటూ వట్టి కాళ్ళతోనే వెళ్ళిపోయేవాడు. ఒకసారి గుమ్మంలో నిలబడి అన్నాడు, "అమ్మా, సముద్రంలో నేనింతవరకూ ఒక్కసారి కూడా మునగలేదు. నీ నోట్లో మాత్రం రోజూ మునుగుతున్నాను."

ఆ మాటకి కూతురు పడీపడీ నవ్వింది. గండాలమ్మ ఇద్దరినీ తిట్టిపోసింది.

రేవులో చేపల వేలం జరిగే షెడ్డు పక్కనే వైర్‌లెస్ గది. గది బయట చూరుకి ఒక స్పీకరు వేలాడుతూ ఉండేది. బోట్లు వెనక్కి వచ్చేముందు లోపలి వైర్‌లెస్ ఆయనతో మాట్లాడేవి, ఆ మాటలు బయట ఆడవాళ్ళందరికీ వినబడేవి. అందులో ఒక పద్ధతి ఉంది. ఎంతమంది వస్తున్నారు అని ఎవరూ అడగరు. అలా అడగడమంటే ఎంతమంది మిగిలారు అని అడిగినట్టేనని పాతకాలం వాళ్ళకి వెగటు. అందుకని "ఎన్ని కంచాలు?" అని అడిగేవాళ్ళు. రేవులో వంటశాల ఉంది కాబట్టి, వచ్చేవాళ్ళకి అన్నం వండించాలి కాబట్టి, అడిగేది అన్నం గురించేనన్నట్టు ఉండేది. అటునుంచి సరంగు, అంటే బోటు నడిపే ఆయన, లెక్క చెప్పేవాడు. బోటు మీద ఎంతమంది వెళ్ళారో అన్ని కంచాలూ చెబితే చాలు, స్పీకరు కింద నిలబడ్డ ఆడవాళ్ళు కొంగు దులుపుకుని ఇళ్ళకి పోయేవాళ్ళు. ఇంకో మాట అవసరమయ్యేది కాదు.

గండాలమ్మ కొడుకు బోటుకి ఏడు కంచాలు.

ఆ రోజు పొద్దున ఏమీ లేదు. మధ్యాహ్నానికి గాలి ఒక్కసారిగా తిరగబడింది. ఐసు మిల్లు రేకులు లేచి పడుతున్నాయి. దగ్గర్లో ఉన్న బోట్లన్నీ ఒకదాని వెనక ఒకటి హడావిడిగా లోపలికొచ్చేశాయి. ఆ పెద్ద బోటు ఒక్కటే రాలేదు. గండాలమ్మ వచ్చి స్పీకరు కింద నిలబడింది. వానలో తడుస్తున్నావు, ఇంటికి పో అని వైర్‌లెస్ ఆయన రెండుమూడుసార్లు చెప్పాడు. ఆమె కదల్లేదు. నాకు తెలుసు, నాకు తెలుసు అని గొణుక్కుంటూనే ఉంది. ఐసు మిల్లు మేస్త్రీ అటుగా పోతూ, నీకు తెలిసినవన్నీ నిజమైతే ఈ రేవులో ఈపాటికి మనిషనేవాడు మిగిలేవాడు కాదమ్మా అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆమెకు ధైర్యం చెప్పడానికి వాళ్ళకి తెలిసిన దారి అదే.

పొద్దు వాలుతుండగా స్పీకరు దగ్గింది. గరగరమంటూ సరంగు గొంతు వచ్చింది. గాలి తగ్గిందని, ఇంజను నెమ్మదిగా నడుస్తోందని, రేపు పొద్దునకి రేవులో ఉంటామని చెప్పాడు.

"ఎన్ని కంచాలు?" అన్నాడు వైర్‌లెస్ ఆయన.

కాసేపు గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఏడు," అన్నాడు సరంగు. అంతే, లైను పోయింది.

గండాలమ్మ తడిసిన గోడకి ఆనుకుని నవ్వింది. ఆమె అలా నవ్వగా రేవులో ఎవరూ చూసి ఉండరు. వైర్‌లెస్ ఆయన కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఇప్పుడైనా కుదుటపడ్డావా వదినా అని అడిగాడు. ఇంటికి పోయేదాకా దారిలో కనబడ్డవాళ్ళందరికీ తనే చెప్పింది, ఏడూ వస్తున్నాయి, ఏడూ వస్తున్నాయి అని.

చీకటి పడకముందే సరంగు భార్య వచ్చింది. మనిషి మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఆయన గొంతు బాగాలేదు వదినా. నాకెందుకో మనసు మనసులో లేదు," అంది.

"వానలో నాని ఉంటాడు, గొంతు అలా కాక ఇంకెలా ఉంటుంది?" అని గండాలమ్మ కొట్టిపారేసింది. "నువ్వు కూడా నాలా తయారవుతున్నావేంటే? లెక్క చెప్పాడుగా."

ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేం. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఇంకొకరి భయానికి తను ధైర్యం చెప్పింది. ఆ పూట కంచం నిండా పెట్టుకుని తిన్నది. పడుకున్నది పడుకున్నట్టే తెల్లారిపోయింది. కొడుకు పెళ్ళి మాట ఇంక గట్టిగా ఎత్తాలని, ఒప్పుకుంటే ఒడ్డున ఏదైనా పని చూసుకోమని అడగాలని, అడిగితే వాడు ఏమని వెక్కిరిస్తాడో కూడా తనే ఊహించుకుని పొద్దున్నే కూతురికి చెప్పింది.

బోటు వచ్చేసరికి ఎండ కాస్తోంది. గండాలమ్మ వాడి పొడి చొక్కా చంకలో పెట్టుకుని అందరికన్నా ముందు నిలబడింది. కూతురు వెనకనుంచి మడమలెత్తి చూస్తూ, ఏడుగురూ ఉన్నారమ్మా అంది. అని, ఆగిపోయింది.

డెక్కు మీద టార్పాలిన్ కప్పుకుని ఎవరో కూర్చున్నాడు. ఆ రేవు మనిషి కాదు.

తల్లి లెక్కపెట్టలేదు. తల్లులు లెక్కపెట్టరు, వెతుకుతారు. మొదటి నుంచి చివరిదాకా చూసింది, మళ్ళీ మొదటి నుంచి చూసింది. ఈలోగా సరంగు దిగి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. ఆయన మొహం చూసి చుట్టూ ఉన్నవాళ్ళు మాటలు ఆపేశారు.

ఆయన చెప్పిందంతా కలిపితే ఇంతే. ఎవరిదో వేరే రేవు బోటు బోల్తా కొట్టింది. ఐసు పెట్టె మూత పట్టుకుని ఒకడు తేలుతూ కనబడ్డాడు. గండాలమ్మ కొడుకు బయటికి వంగి గెడకర్రతో అతన్ని అందుకున్నాడు. అందరూ కలిసి ఆ మనిషిని లోపలికి లాగి, నీళ్ళు కక్కిస్తూ ఇటు తిరిగి ఉన్నారు. మళ్ళీ అటు చూసేసరికి కుర్రాడు కెరటంలో ఉన్నాడు. తాడు విసిరారు. చూపు ఆనినంతసేపూ తిరిగి తిరిగి వెతికారు.

"కంచాలు అడిగారక్కా," అన్నాడు సరంగు. "బోటు మీద ఉన్నవాళ్ళ లెక్క చెప్పాను. ఆ తర్వాతి మాట చెబుదామనే ఉన్నాను. నోరు రాలేదు. లైను పోలేదు, నేనే కట్టేశాను."

ఆమె తిట్టలేదు, గుండెలు బాదుకోలేదు. ఒకటే అడిగింది.

"కేకేశాడా?"

"వేశాడు."

"ఏమని?"

"గాలి హోరులో వినబడలేదక్కా."

ఐసు మిల్లు మేస్త్రీ తల వంచుకుని పక్కకి వెళ్ళిపోయాడు. వెతకడానికని మిగతా బోట్ల ఇంజన్లు అప్పటికే స్టార్ట్ చేస్తున్నారు. సరంగు ఇంటి మొహమైనా చూడకుండా ఒక బోటు ఎక్కాడు. అతని భార్య ఆపబోయి, గండాలమ్మ వైపు చూసి ఊరుకుంది.

ఎండ దెబ్బ తగలకుండా ఆమెను తీసుకెళ్ళి వైర్‌లెస్ గదిలో బల్ల మీద కూర్చోబెట్టారు. కాపాడి తెచ్చిన మనిషినీ అక్కడికే తెచ్చారు. ఆమె కొడుకు కన్నా నాలుగైదేళ్ళు పెద్ద ఉంటాడు. ఉప్పునీళ్ళు మింగి మింగి గొంతు పోయింది, పళ్ళు టకటకలాడుతున్నాయి. కప్పడానికేమైనా ఉందా అని వైర్‌లెస్ ఆయన గదంతా వెతుకుతున్నాడు. గండాలమ్మ చంకలోని చొక్కాని ఇంకా గట్టిగా అదుముకుంది. అది వాడిది. వాడు వచ్చాక ఏం వేసుకుంటాడు?

ఆ మనిషి తన ఇంటి ఫోను నంబరు ఒక కాగితం ముక్క మీద వంకరటింకరగా రాసిచ్చాడు. వైర్‌లెస్ ఆయన ఫోను చేశాడు. అటువైపు ఎత్తింది తల్లి. రేవు ఆఫీసు నుంచి అనగానే ఆమె శోకాలు మొదలుపెట్టింది. మీవాడు క్షేమంగా ఉన్నాడమ్మా అని ఈయన ఎంత చెప్పినా వినడంలేదు. ముందు అలాగే అంటారు, తర్వాత వచ్చి మోసుకుపొమ్మంటారు అని ఏడుస్తోంది. ఫోను చెవి దగ్గర పెడితే ఆ కొడుకు నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. దాంతో ఆమె ఇంకా హడలిపోయింది.

ఆ ఏడుపు గదంతా వినబడుతోంది. గండాలమ్మ లేచి చెయ్యి చాపింది. వైర్‌లెస్ ఆయన ఫోను ఇచ్చేశాడు.

"అమ్మా, నేను ఆఫీసుదాన్ని కాదు. నీలాంటిదాన్నే. మీవాడు నా ఎదురుగా కూర్చున్నాడు. ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంది. అవునా? గొంతు పోయింది, అందుకే మాట్లాడటం లేదు. ఊపిరి పీలుస్తున్నాడు, నేను చూస్తున్నాను."

అటువైపు ఏడుపు ఆగింది. కొంచెం సేపు ముక్కు చీదిన చప్పుడు. చిన్నప్పుడు గూటం తగిలిందమ్మా అక్కడ అంది ఆ తల్లి. ఆ వెంటనే, చలికి వణుకుతున్నాడా, ఒంటిమీద తడి బట్టలే ఉన్నాయా, వాడికి నిమ్ము చేస్తే ఒక పట్టాన వదలదు అని మొదలుపెట్టింది.

"పొడి చొక్కా వేశామమ్మా," అంది గండాలమ్మ.

అన్నాక ఇంక తప్పలేదు. చంకలోంచి చొక్కా తీసి, ఆ మనిషి వైపు చూడకుండా బల్ల మీద అటువైపు జరిపింది. అతను దాన్ని చేతుల్లోకి తీసుకుని అలాగే పట్టుకుని కూర్చున్నాడు. అతనికి అంతా తెలుసు. కూతురు వెళ్ళి మాటామంతీ లేకుండా అతని చేతులు చొక్కాలోకి దూర్చింది.

ఫోనులో ఆ తల్లి దండాలు పెడుతోంది. ఏ తల్లి కన్న బిడ్డలో, వాళ్ళ కడుపు చల్లగా ఉండాలంటోంది. తర్వాత గుర్తొచ్చినట్టు అడిగింది, మీవాళ్ళంతా ఒడ్డుకి చేరారా అమ్మా అని.

గండాలమ్మ తలుపులోంచి బయటికి చూసింది. బోట్లు ఒక్కొక్కటే రేవు దాటుతున్నాయి.

"మావాడు ఇంకా రాలేదమ్మా."

"వస్తాడులే తల్లీ," అంది ఆవిడ ఎంతో ఆప్యాయంగా. "మన ఆడవాళ్ళకి అన్నీ చెడ్డ ఊహలే వస్తాయి. భయపడకు."

"సరేనమ్మా," అంది గండాలమ్మ. అటువైపు పెట్టేసినా ఆమె ఫోను చెవి దగ్గరే ఉంచుకుంది. కూతురు వచ్చి పక్కన కూర్చుని, నెమ్మదిగా చేతిలోంచి తీసుకునేదాకా.