ఏడో కోట తలుపు

రండి తల్లీ, రండి నాయనా, ఇంకొంచెం ముందుకు జరగండి. గుమ్మం దగ్గర నిలబడ్డ అబ్బాయిలూ, చెవుల్లో పెట్టుకున్నవి తీసి జేబులో వేసుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గోడకి ఆనుకోండి, తప్పేం లేదు. స్వామిని ఒక్కసారి మనసులో తలుచుకోండి. తలుచుకున్నారా? ఇక వినండి. ఇది పురాణం కాదు. మన మాదాపూర్‌లో, మన చందానగర్‌లో జరిగింది. అయినా కథ ఎక్కడ జరిగితేనేం, మనకంటే ముందు వినేవాడు ఆయనే కదా.

లావణ్య అని ఒక అమ్మాయి ఉండేది. వాళ్లది కడప జిల్లా. రోజూ పొద్దున చందానగర్‌లో ఎమ్మెమ్టీఎస్ రైలెక్కి, హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగి, షేర్ ఆటోలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, మాదాపూర్‌లో ఒక అద్దాల మేడకి చేరేది. అక్కడ వీడియో గేముల గురించి రాసే వెబ్‌సైటు ఒకటి. అందులో లావణ్య పని, పాఠకుల ప్రశ్నలకి జవాబులివ్వడం. ఆ శీర్షిక పేరు ‘ఆటల అక్క’.

మీలో పెద్దవాళ్లకి ఈ ఆటలు తెలియకపోవచ్చు, చెప్తాను. ఆడేవాడే అందులో కథానాయకుడు. తనకో పేరు పెట్టుకుంటాడు, ఊరూరా తిరుగుతాడు, కత్తి సంపాదిస్తాడు, మంత్రం నేర్చుకుంటాడు, చివరికి విలన్ ముందుకెళ్లి నిలబడతాడు. అప్పట్లో తెలుగు పిల్లలంతా ‘ఏడు కోటల దారి’ అనే ఆట ఆడేవాళ్లు. దాని విలన్ మసిరాజు. ఏడో కోటలో, మూసిన తలుపు వెనక, సింహాసనం మీద కూర్చుని ఉంటాడు. తల నుంచి కాలి గోటి దాకా మసి.

లావణ్యకి వచ్చే ప్రశ్నల్లో సగం ఆయన గురించే. ప్రశ్న వచ్చిన రోజల్లా ఆయన ఆఫీసుకి వచ్చి, లావణ్య పక్కన ఖాళీ కుర్చీలో కూర్చునేవాడు. అడ్మిన్ వాళ్లు విజిటర్ కార్డు ఇచ్చారు. దాని మీద ఫొటో నల్లగా వచ్చింది. ఇంకెలా వస్తుంది?

కింద సెక్యూరిటీ లింగయ్య ఒక్కడే కాస్త విసుక్కునేవాడు. “సార్, లిఫ్ట్ల జర గోడకు ఆనకుండ నిలవడుండ్రి. నిన్న మీ భుజం అచ్చు పడ్డది, నేను తుడిసిన.”

“క్షమింపుము లింగయ్యా.”

“గట్ల గాదు సార్, ఫికర్ జేయకుండ్రి. ఇయాల ఎంతమంది సంపిండ్రు మిమ్ముల?”

“లెక్క పెట్టుట మానితిని.”

ఆటకి తెలుగు మాటలు రాసినవాళ్లు ఆయనకి గ్రాంథికం పెట్టారు మరి. అదే అలవాటైపోయింది పాపం.

కూకట్‌పల్లి నుంచి ఒక కుర్రాడు రాశాడు: “అక్కా, మసిరాజుని కొట్టడానికి వెండి కత్తి మంచిదా, నిప్పు మంత్రం మంచిదా?” లావణ్య ఆయన వైపు తిరిగింది.

“వెండి కత్తి వలదనుము. చక్కిలిగింత పుట్టును. ఎడమ చంక క్రింద కవచము లేదు. అచ్చట నిప్పు పెట్టుమనుము.”

“మీ గుట్టు మీరే చెప్తే ఎలాగండీ?”

“వాడు పదవ తరగతి పిల్లవాడు. రేపు పరీక్ష కలదట. త్వరగా ముగించి చదువుకొననిమ్ము.”

ఇంకో పాప అడిగింది, ఈ మసిరాజు ఎందుకు చెడ్డవాడయ్యాడని. దానికి ఆయన మధ్యాహ్నం దాకా ఆలోచించాడు. “నాకు ఎవరును చెప్పలేదు అమ్మాయీ. వ్రాయువారు ఆ భాగము వ్రాయకముందే విడుదల తేదీ వచ్చినది.” ఆ మాట అని, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుండిపోయాడు. లావణ్య ఆ ప్రశ్నకి జవాబు వేయలేదు.

ఇక ఇంటి సంగతి. చందానగర్‌లో రెండు గదుల ఫ్లాటు, అమ్మ గంగమ్మ, తమ్ముడు సురేంద్ర. సురేంద్రకి కోకాపేటలో ఉద్యోగం ఉండేది. ఒకరోజు పొద్దున పిలిచి లాప్‌టాప్ తీసుకుని పంపించేశారు. అతను ఇంట్లో చెప్పలేదు. మెడలో పాత ఐడీ కార్డు వేసుకుని రోజూ బయల్దేరి, దుర్గం చెరువు దగ్గర బెంచీ మీద కూర్చుని, సాయంత్రం తిరిగొచ్చేవాడు. కొన్నాళ్లకి నిజం బయటపడింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే వాడికి తగిలిందో ఏమో, గదిలోకెళ్లి గడియ పెట్టుకున్నాడు. అక్కా అమ్మా నిద్రపోయాకో, గుడికి వెళ్లినప్పుడో స్నానానికి వచ్చేవాడు. ఎండాకాలం పోయి వానలొచ్చినా అదే వరస.

గంగమ్మ పూటపూటా తలుపు ముందు పళ్లెం పెట్టి మూతేసేది. “నాయనా, బొరుగులతో ఉగ్గాణి చేసినా. వేడిగా ఉండాది, తినుపో.” లోపల్నుంచి ఆట చప్పుడు తప్ప పలుకుండేది కాదు.

ఒకరోజు ‘ఆటల అక్క’కి ఈ ప్రశ్న వచ్చింది: “ఒక చిన్న డౌటక్కా. నాలుగో కోటలో యుద్ధం మధ్యలో లేస్తే ప్రాణం తగ్గుతుందా? బయట ఉగ్గాణి చల్లారిపోతాంది.”

రాసింది సురేంద్రే అని లావణ్యకి తెలిసిపోయింది. ఇంట్లో నెలల తరబడి నోరు విప్పని తమ్ముడు ఇక్కడ అక్కా అని పిలిచాడు! వాష్‌రూముకెళ్లి ముఖం కడుక్కుని వచ్చి జవాబు రాసింది: “తగ్గదు. లేచి తిని రా.” ఆ సాయంత్రం పళ్లెం ఖాళీగా ఉంది. గంగమ్మ ఆ ఖాళీ పళ్లేన్ని దేవుడి పటం ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంది.

అప్పట్నుంచి అక్కాతమ్ముళ్ల మాటలన్నీ ఆ శీర్షికలోనే. గోడకి ఇవతల అక్క, అవతల తమ్ముడు, మధ్యలో మాదాపూర్. ఐదో కోటలో నీళ్ల పాము గురించి అడిగాడు, చెప్పింది. ఆరో కోటలో ముళ్ల దారి గురించి అడిగాడు, అదీ చెప్పింది. ఆట అయిపోతే బయటికొస్తాడని ఆమె ఆశ. అలా చెయ్యి పట్టుకుని నడిపించినట్టు ఏడో కోట తలుపు దాకా తెచ్చింది. అక్కడ ఆగిపోయాడు.

“అక్కా, ఈ తలుపు తీయకుండా ఇక్కడే ఉండిపోతే ఏమవుతుంది?”

లావణ్య పని తెలిసిన మనిషి. ఆట నియమం ఏమిటో అదే రాసింది: “ఏమీ కాదు. నువ్వు తీసేదాకా ఆట ఆగి ఉంటుంది.”

చూశారా తల్లీ, జవాబులో తప్పు లేదు. కానీ ఆ పిల్లాడు దాన్ని ఎలా తీసుకున్నాడు? ఇక ఏమీ చేయక్కర్లేదని తీసుకున్నాడు. ఆ మర్నాటి నుంచి పళ్లేలు పెట్టినవి పెట్టినట్టే ఉండిపోయాయి. ఆట చప్పుడు కూడా ఆగిపోయింది. లావణ్య తలుపు మీద అరచెయ్యి ఆనించి, “ఒరే సురేంద్రా” అని పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకుంది.

“తలుపు పగలగొట్టిద్దామా అమ్మా?”

“వద్దు తల్లీ. తలుపు పగిలితే వాడు ఇంకా లోపలికి పోతాడు. యాడికి పోతాడో నాకు తెల్దు” అంది గంగమ్మ.

ఆ వారంలోనే మసిరాజు, కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి చెప్పాడు. “అమ్మాయీ, నా తలుపునకు ఆవల ఒకడున్నాడు. అందరును తన్ని తెరచుకొని వచ్చెదరు. వీడు ఊరక నిలబడినాడు. ఊపిరి వినబడుచున్నది.”

“వాడు మా తమ్ముడు సార్.”

“తెలియును. నీవలెనే ముక్కు చీదును.”

లావణ్యకి నవ్వొచ్చింది, నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చింది. అటువైపు కుర్చీలో కూర్చున్న మేనేజరు ఉదయ్ భాస్కర్ చూసి, “ఏవండీ లావణ్య గారూ, మంచినీళ్లు తెప్పించమంటారా?” అని అడిగాడు. వద్దంది.

శుక్రవారం నాడు చివరి ప్రశ్న వచ్చింది. “అక్కా, ఎవరికీ ఇబ్బంది లేకుండా ఆటలోంచి పూర్తిగా వెళ్లిపోవడానికి దారి ఉందా?”

ఆ ప్రశ్న ఆటది కాదని లావణ్యకి తెలుసు. పక్కన కూర్చుని చదివిన మసిరాజుకీ తెలిసింది. ఆమె బ్యాగు సర్దుకుంటుంటే ఆయన లేచాడు.

“తలుపు నేను తీసెదను.”

“మీరా?”

“విలన్ తనంత తాను తలుపు తీసిన ఆట ఎక్కడను లేదు. కావున నియమము కూడ లేదు. కాని ఒకటి తెలిసియుండుము. సింహాసనము విడిచితినా, మరల కూర్చొనుటకు నాకు చోటుండదు. వాని ఆటలోనే గాదు, ఎవరి ఆటలోను. నీ పాఠకులకు అడుగుటకును ఏమియు మిగలదు.”

ఆ జీతం మీద ఇంట్లో మూడు ప్రాణాలు బతుకుతున్నాయి. అయినా లావణ్యకి ముందు గుర్తొచ్చింది జీతం కాదు. ఆయన నల్లటి చేతుల వైపు చూసి, “వద్దు సార్. మీరు పోవద్దు. మా వాణ్ణి మేం చూసుకుంటాం” అంది.

మసిరాజు మెడలోంచి విజిటర్ కార్డు తీశాడు. “ఇంతకాలమునకు నన్ను పోవద్దన్నది నీవొక్కతివే” అన్నాడు. కార్డు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

లావణ్య ఇంటికొచ్చి తమ్ముడి తలుపు ముందు చాప వేసుకుంది. శనివారమంతా అక్కడే ఉంది. అప్పుడప్పుడూ ఏదో ఒకటి మాట్లాడేది. చిన్నప్పటి సంగతులు, పక్కింటి వాళ్ల కుక్క, ఏదైనా సరే. లోపల మంచం కిర్రుమంటే అమ్మయ్య అనుకునేది.

ఆదివారం మధ్యాహ్నం గంగమ్మ రసం దించుతుండగా గదిలో రెండు గొంతులు వినిపించాయి. ఒకటి సురేంద్రది. బొంగురుపోయిన గొంతు. “నువ్వెందుకు బయటికొచ్చినావు? నేను తలుపు తీయలేదే!”

రెండో గొంతు నెమ్మదిగా ఉంది. “నీవు తీయలేవని తెలిసినది. లోపలివాడు కూడ తీయవచ్చును కదా, నాయనా. ఆ సంగతి నాకును ఈ మధ్యనే తోచినది.”

గడియ చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. మసిరాజు తల వంచుకుని హాల్లోకి వచ్చాడు. చేతిలో కత్తి లేదు. వెనక గది చీకట్లో సురేంద్ర మంచం పట్టుకుని నిలబడ్డాడు, గడ్డం పెరిగి, మనిషి సగమై. గడప మాత్రం దాటలేదు.

గంగమ్మ గరిటె పట్టుకుని వంటింట్లోంచి తొంగిచూసింది. “ఎవురు నాయనా నువ్వు? మావాని స్నేహితునివా?”

“శత్రువునమ్మా.”

“ఎవురైతే ఏం లే. పొద్దు మళ్లింది. కాళ్లూ చేతులూ కడుక్కో, అన్నం పెడతా.”

మసిరాజు నిలబడిపోయాడు. రాజ్యాలు కాల్చినవాడని పేరు. పిల్లలు రోజూ వచ్చి పొడిచేవాళ్లే తప్ప, ఆయనకి అన్నం పెడతానన్నవాళ్లు ఏ ఆటలోనూ లేరు. లావణ్య చాప మీంచి లేచింది. “సార్, మసి... నీళ్లు...” అంది. ఆయన ఆమె వైపు చూసి వద్దన్నట్టు తల ఊపాడు. వాష్‌బేసిన్ దగ్గరికెళ్లి కొళాయి తిప్పాడు.

మొదట వేళ్లు పోయాయి. నల్లటి నీళ్లు గిర్రున తిరుగుతూ దిగిపోయాయి. తర్వాత మణికట్లు. ఆయనలో మసి తప్ప వేరే ఏముంది కనక! అయినా మర్యాదగా, శుభ్రంగా, మోచేతుల దాకా రుద్దుకుంటూనే ఉన్నాడు. భోజనానికి పిలిచిన ఇంట్లో చేతులు కడుక్కునే పద్ధతిలో.

“సార్! వద్దు సార్!”

ఆ అరుపు సురేంద్రది. ఇన్ని నెలలు ఎవరు పిలిచినా కదలనివాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఎవరిని చంపాలని ఏడు కోటలు ఎక్కాడో ఆయన్ని కాపాడుకోవాలని గడప దాటాడు. ఒక చేత్తో కొళాయి కట్టేసి రెండో చేత్తో ఆయన భుజం పట్టుకోబోయాడు. చేతికి భుజం దొరకలేదు. బేసిన్‌లో కాసిని నల్లటి నీళ్లు మిగిలాయి, అవీ దిగిపోయాయి.

“అక్కా, పోయినాడక్కా. నేను తలుపు తీసింటే పోకపోవునేమో” అంటూ ఆ పిల్లాడు బేసిన్ అంచు పట్టుకుని కుప్పకూలాడు. లావణ్య పక్కన కూర్చుంది. వాడి తల తన ఒళ్లోకి లాక్కుంది.

అతిథి కోసం పెట్టిన పళ్లెం బల్ల మీద ఆవిర్లు కక్కుతోంది. గంగమ్మ దాన్ని తెచ్చి కొడుకు ముందు పెట్టింది. “ఆయన వంతు నువ్వు తిను నాయనా. పారేయగూడదు.” ఏడుస్తూనే తిన్నాడు.

సోమవారం నుంచి ‘ఆటల అక్క’కి ఒకటే ప్రశ్న, అన్ని ఊళ్ల నుంచీ. ఏడో కోట తలుపు తెరిచి ఉంది, సింహాసనం ఖాళీగా ఉంది, విలన్ ఏడీ? ఉదయ్ భాస్కర్ తల పట్టుకున్నాడు. “విలనే లేకపోతే ఇంక ఆటేముందండీ? ఏమనుకోకండి లావణ్య గారూ, ఈ నెలతో శీర్షిక ఆపేద్దామంటున్నారు పైవాళ్లు.” ఆమె ఏమీ అనుకోలేదు. ప్రశ్నలన్నిటికీ కలిపి ఒకే జవాబు వేసి వచ్చేసింది: “ఆయన లేచి తలుపు తీసుకుని బయటికి వచ్చేశారు. ఎవరూ వెతకొద్దు.”

ఆ కొలువు పోయింది. సురేంద్రకీ ఇంకా ఏ కొలువూ రాలేదు. వానాకాలంలో ఆ ఇల్లు చూస్తే దిగులేస్తుంది. అక్క ఇంట్లో కూర్చుని నాలుగు చోట్లకి అర్జీలు పెడుతుంది, తమ్ముడు అమ్మ వెంట చందానగర్ మార్కెట్టుకెళ్లి కూరల సంచి మోస్తాడు. మంచి రోజుల్లో రెండు మాటలు మాట్లాడతాడు. చెడ్డ రోజుల్లో డాక్టరు దగ్గరికెళ్తాడు, అక్క బయట బెంచీ మీద కూర్చుంటుంది. కానీ ఉన్నాడు తల్లీ. ఉన్నాడు.

సరే నాయనా, ప్రసాదం తీసుకుని వెళ్లండి. ఆట పేరు మర్చిపోయినా పరవాలేదు, నన్ను మర్చిపోయినా పరవాలేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. అవతల నిలబడ్డవాడు తలుపు తీయలేకపోతున్నాడని తెలిసి, తనని చంపడానికే వచ్చినవాడని తెలిసి, మసిరాజు లేచి తలుపు తీశాడు. ఈ రాత్రి ఇంటికెళ్లాక ఆ సంగతి ఇంకొకరికి చెప్పండి. మీ ఇంట్లో మూసిన తలుపు ఏదైనా ఉంటే, దానికి ఏ పక్కన ఉన్నా సరే, ముందు మీరే లేవండి.