మోచేతుల సాక్ష్యం

"పెట్టె మూసెయ్! ఇంకొక్క బ్రష్ ఆవిడ మొహానికి తగిలిందంటే బాగుండదు!"

స్టూడియో మేనేజర్ అరుపుకి మేకప్ గది అదిరింది. ఆరు గంటల వార్తలకు ఇంకా పదకొండు నిమిషాలే ఉన్నాయి. అద్దం ముందు కుర్చీలో యాంకరమ్మ. బుగ్గలూ, ముక్కూ, గడ్డమూ కందగడ్డలా ఎర్రబడి ఉన్నాయి. కెమెరా ముందుకు వెళ్లే మొహం కాదది.

రంగులక్క పెట్టె మూయలేదు. ఇరవై రెండేళ్లుగా ఆ గదిలో మొహాలు దిద్దుతున్న మనిషి. ఆమె అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

"ఈ నెలలో ఇది మూడోసారి," మేనేజర్ వేళ్లు మడిచాడు. "ముందు రెండుసార్లూ ఈవిడ బదులు ఎవరు చదివారు? నీ మేనకోడలు! నిప్పు లేనిదే పొగ రాదుగా, అక్కా?"

తలుపు దగ్గర నిలబడ్డ మేనకోడలు, వాతావరణ వార్తలు చదివే పిల్ల, బిక్కచచ్చిపోయింది. "సార్, నాకేం తెలీదు..."

"నువ్వు మాట్లాడకు," అంది రంగులక్క. "భుజాలు తడుముకుంటే గుమ్మడికాయ నీదే అంటారు."

యాంకరమ్మ అద్దంలోంచి ఆమె కళ్లలోకి చూసింది. "నిజం చెప్పు అక్కా. ఏం కలిపావు?"

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. పదిహేనేళ్లుగా రోజూ కళ్లు మూసుకుని తన మొహాన్ని ఆమె చేతుల్లో పెట్టిన మనిషి అడిగిన మాట అది. రంగులక్క చేతులు కడుక్కుంది.

"సార్, నన్ను రేపు పొద్దున్నే పంపించెయ్యండి. ఈ పదకొండు నిమిషాలు మాత్రం నావి. స్టోరు నుంచి సీలు తీయని డబ్బాలు తెప్పించండి. మీ చేత్తో మీరే విప్పండి. ఈరోజు వార్తలు ఈవిడే చదువుతుంది."

మేనేజర్ ప్లాస్టిక్ సీళ్లతో గోళ్లు విరగ్గొట్టుకుంటుంటే, ఆమె చల్లని తడిగుడ్డ బుగ్గల మీద పరిచింది. ఆ తర్వాత పలచగా ఆకుపచ్చ రంగు అద్దింది. ఎరుపుని మింగాలంటే ఆకుపచ్చే మింగాలి. దాని మీద ఒంటిరంగు పొర. ఆమె వేళ్లు ఎక్కడా తొట్రుపడలేదు.

కానీ ఆమె కళ్లు మొహం మీద లేవు. యాంకరమ్మ కుడిచెయ్యి ఊరికే ఎడమ మోచేతి మీదికి పోతోంది. కోటు చేతి మీదనుంచే బరబరా గోక్కుంటోంది. కాసేపటికి ఎడమచెయ్యి కుడి మోచేతి మీదికి. నిమిషం మిగిలి ఉండగానే యాంకరమ్మను సెట్‌లోకి పంపింది.

వార్తలు అయిపోయాయి. యాంకరమ్మ తిరిగి వచ్చేసరికి రంగులక్క మేనేజర్ని కదలనివ్వకుండా కూర్చోబెట్టి ఉంచింది.

"కోటు విప్పమ్మా."

"ఎందుకు?"

"విప్పు చెప్తా. చొక్కా చేతులు పైకి మడువు. సార్, మీరూ చూడండి."

రెండు మోచేతుల మీదా గుంపులు గుంపులుగా సన్నటి నీటిపొక్కులు. గోకి గోకి సగం చితికిపోయి, ఎర్రటి పెచ్చులు కట్టాయి.

"ఇంకెక్కడ?"

యాంకరమ్మ తల దించుకుంది. "మోకాళ్ల మీద. కోటు లోపలి గుడ్డ పడట్లేదనుకున్నాను. దర్జీతో మూడుసార్లు మార్పించాను కూడా."

"మోకాళ్లకి కోటు తొడుక్కుంటావా, తల్లీ?"

మేనకోడలికి నవ్వు ఆగలేదు. రంగులక్క మేనేజర్ వైపు తిరిగింది. "నా పౌడరు మొహం దిగి, మెడను వదిలేసి, మోచేతులకీ మోకాళ్లకీ కాలినడకన వెళ్లిందంటారా?"

"అది వేరు, ఇది వేరు కావచ్చు," అన్నాడు మేనేజర్. గొంతులో ఇందాకటి పదును లేదు.

"కావచ్చు. అందుకే తేల్చేద్దాం. నా పెట్టె మీ గదిలో పెట్టి తాళం వేసుకోండి. ఈవిడ వారం సెలవు పెట్టి మొహానికి నీళ్లు తప్ప ఏదీ తగలనివ్వదు. మొహం చల్లబడిందా, దొంగను నేనే. నా అంతట నేనే వెళ్లిపోతా. చల్లబడలేదా, ఈరోజు అన్న మాట అందరి ముందూ వెనక్కి తీసుకోండి. ఈ వారం నా మేనకోడలు మాత్రం ఆ కుర్చీ ఎక్కదు."

"అత్తా!"

"నోర్ముయ్."

అయిదో రోజు ఫోను మోగింది. "అక్కా, సబ్బు కూడా ముట్టుకోలేదు. మంట అలాగే ఉంది. నిన్నయితే ఇంకా ఎక్కువైంది."

రంగులక్క గెలిచింది. అయినా చెప్పులు వేసుకుంది. "నా మీది మచ్చ పోయింది. నీ మొహం మీది పోలేదుగా. పద, డాక్టరు దగ్గరికి."

చర్మం డాక్టరమ్మ మొహాన్ని పరీక్షగా చూసి, మోచేతుల దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగింది. తర్వాత అడిగిన ప్రశ్నకి ఇద్దరూ తెల్లబోయారు.

"కడుపు ఎలా ఉంటుంది?"

"కడుపా? నేనొచ్చింది మొహం కోసమండీ."

"అడిగినదానికి చెప్పండి."

చెప్పడం మొదలుపెడితే చాంతాడంత అయింది. ఉబ్బరం, తినగానే బాత్‌రూముకి పరుగు, ఎన్ని మాత్రలు మింగినా పెరగని రక్తం. "లైవ్ టెన్షన్ అనుకున్నానండీ. ఏళ్లుగా ఇంతే."

డాక్టరమ్మ రక్తం తీసుకుంది. పొక్కుల పక్కనుంచి ఆవగింజంత చర్మమూ తీసింది. "ఫలితాలు వచ్చేదాకా రోజూ తినేవి ఏవీ మానకండి. ఇప్పుడే మానితే పరీక్షకి దొరక్కపోవచ్చు."

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారే," అంది రంగులక్క.

"మైక్రోస్కోపు పడుతుందిలెండి."

పన్నెండు రోజులకు యాంకరమ్మ క్లినిక్ నుంచి నేరుగా న్యూస్‌రూంలోకి వచ్చింది. చేతిలో కవరు. కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. మేనేజర్ తన గదిలోంచి రంగులక్క పెట్టెను రెండు చేతులా మోసుకొచ్చి ఆమె ముందు పెట్టాడు.

"మొహం చల్లబడలేదుగా, ఆరోజు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా అక్కా. తప్పు నాది."

"నాదీ," అంది యాంకరమ్మ. "ఆ మాట నేను అడిగి ఉండకూడదు."

"సరేలే, అయిందేదో అయింది. అసలు దొంగెవరో చదువు."

యాంకరమ్మ కవరు చించింది. వెన్ను నిటారుగా పెట్టింది. ఆరు గంటల గొంతు వచ్చేసింది. "మోచేతుల మీదా మోకాళ్ల మీదా వచ్చిన పొక్కులు సీలియాక్, అంటే తినే తిండిలో ఒకటి పేగులకి పడని జబ్బువని పరీక్షల్లో తేలింది. ఉన్నది పేగుల్లో, బయటపడింది చర్మం మీద. మొహం మీది ఎరుపు రోజేషియా అనే వేరే చర్మజబ్బు. సీలియాక్ ఉన్నవాళ్లలో ఇది కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. ఇదీ దానివల్లే అని ఇప్పుడే గట్టిగా చెప్పలేం, దానికి విడిగా మందు వాడాలి."

"ఇదంతా జబ్బు పేరు. ఆ జబ్బుని రోజూ మేపుతున్నదెవరు?" అన్నాడు మేనేజర్.

"ఉంది. కింద గీత గీసి మరీ రాశారు." యాంకరమ్మ కాగితం దించి, గదిలో అందరి మొహాల్లోకీ చూసి, చివరికి రంగులక్క దగ్గర చూపు ఆపింది.

"గోధుమ."