ఉతకొద్దన్న అంగి

దండెం మీద ఆరేసిన మిలటరీ అంగిని చూడగానే పూజిత గేటు దగ్గరే ఆగిపోయింది. అంగి చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి. అంచుల నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. సబ్బు వాసన గేటు దాకా వస్తోంది.

అరుగు మీద గోనెసంచి ఖాళీగా ఉంది. దాని మీద పడుకునే కుక్క మోతి లేదు.

ఆ ఇంట్లో ఒకే ఒక్క కట్టుబాటు ఉంది. పూజిత వాళ్ల బాపు జైపాల్ జమ్మూ సరిహద్దులో సిపాయి. సెలవు అయిపోయి వెళ్లే రోజు, తొడుక్కున్న అంగి విప్పి, ఆ చెమట వాసనతోనే మోతి పడుకునే సంచి మీద పరిచి వెళతాడు. మళ్లీ వచ్చేదాకా దాన్ని ఎవరూ ఉతకకూడదు. మొదటిసారి ఆయన వెళ్లినప్పుడు మోతి నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. అంగి పరిచాకే తిన్నది.

అది రెండువేల ఇరవై ఐదు, మే నెల. జైపాల్ ఏప్రిల్‌లో నెల సెలవు మీద సొంతూరు కనకమామిడి వచ్చాడు. తొమ్మిదో రోజుకే ఫోన్ వచ్చింది, సెలవు రద్దు, వెంటనే బయల్దేరమని. ఆ తర్వాత టీవీ పెడితే చాలు, యుద్ధం మాటే. మంగళవారం ఆయన చివరిసారి మాట్లాడాడు.

"ఫోన్లు బంద్ జేస్తున్నరు. వీలైతే నేనే జేస్త. ఫికర్ వెట్టుకోకుండ్రి. పూజితా, మోతి నీ డ్యూటీ."

"నా డ్యూటీనే బాపు," అంది పూజిత.

ఇవాళ గురువారం. అమ్మతో చేవెళ్ల అంగడికి వెళ్లి వచ్చేసరికి ఇదీ సంగతి.

"రేపు పోచమ్మకు బోనం మొక్కిన బిడ్డా," అంది నాయనమ్మ సాలమ్మ. తడి కొంగు ఇంకా నడుముకే చెక్కి ఉంది. "మైల గుడ్డ ఇంట్ల ఉండొద్దని అన్నీ పిండిన. అంగి సంగతి యాదికే లేకపాయె."

"ఆయన చెప్పిపోయిన ఒక్క మాట అదే గదా అత్తమ్మా," అంది అమ్మ రేణుక.

"నా కొడుకు బాగుండాలనే గదనే మొక్కింది."

రేణుక అంగడి సంచి తీసుకుని లోపలికి వెళ్లింది.

పొద్దుగూకే దాకా పూజిత ఊరంతా తిరిగింది. పట్నపోళ్ల ఫామ్‌హౌస్ గేట్లు ఒక్కొక్కటే తట్టింది. ఒక వాచ్‌మన్ అడిగాడు, "ఏం బ్రీడు పాపా?"

"మా ఇంటి బ్రీడు. గోధుమరంగుది. ఒక చెవి వంగి ఉంటది."

అతను నవ్వబోయి, పూజిత మొహం చూసి ఊరుకున్నాడు.

పూజిత మనసులో ఎవరికీ చెప్పని భయం ఒకటి ఉంది. ఇక్కడ తన డ్యూటీ తను సరిగ్గా చేయకపోతే, అక్కడ బాపు డ్యూటీలో ఏదో జరుగుతుంది. అది నిజం కాదని తనకూ తెలుసు. అయినా రాత్రి ముద్ద దిగలేదు.

తెల్లారి లేచి కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది. బాపు వెళ్లిన రోజు మోతి ఆటో వెనకాలే మొయినాబాద్ దాకా ఉరికింది. బాపు అక్కడే బస్సెక్కాడు.

"అమ్మా, అంగిల బాపు లేడని మోతికి తెల్సింది. ఏడున్నడో చూడనీకి పోయింది."

రేణుక వెంటనే ఆటో పిలిచింది. పూజిత దండెం మీది అంగి లాక్కుంది.

మోతి మొయినాబాద్ బస్టాప్‌లోనే ఉంది. బస్సు ఆగగానే తలుపు దగ్గరికి వెళ్లి, దిగిన ప్రతివాళ్ల కాళ్లూ వాసన చూస్తోంది.

"మీదేనామ్మా?" అన్నాడు హోటల్ బాల్‌రాజ్ చాయ్ వడపోస్తూ. "నిన్న సాయంత్రం సంది గిదే పని. టికెట్ చెకింగ్ సారు లెక్క ఒక్కల్ని ఇడుస్తలేదు. బిస్కెట్ ఏస్తే మొకం తిప్పుకున్నది."

"మోతీ," అని పిలిచింది పూజిత. మోతి ఒక్కసారి తోక ఊపి, మళ్లీ రోడ్డు వైపు తిరిగింది. అంగి ముందు పెడితే వాసన చూసి తుమ్మింది. మెడ పట్టి లాగితే నేలకు అతుక్కుపోయింది. పూజితకు ఏడుపొచ్చింది.

అప్పుడే రేణుక ఫోన్ మోగింది. తెలియని నంబర్. ఎత్తి స్పీకర్ పెట్టింది.

"రేణుకా, నేను. ఒక్క నిమిషమే ఉన్నది. అందరు మంచిగున్నరా?"

రేణుక ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

"మోతిగాడు తింటుండా?"

తింటున్నాడని చెప్పు, అని రేణుక సైగ చేసింది. పూజిత చెప్పలేకపోయింది.

"తింటలేదు బాపు. అవ్వ అంగి పిండేసింది. మోతి నిన్నటి సంది నీ బస్సు కాడనే కూసున్నది. ఎంత పిలిచినా వస్తలేదు."

అవతల గాలి చప్పుడులోంచి జైపాల్ గొంతు వినిపించింది.

"ఫోన్ దాని చెవి కాడ వెట్టు."

పెట్టింది.

"మోతీ. ఘర్ చలో, బేటా."

ఇంటికి పదమన్న ఆ మాటకు మోతి వంగిన చెవి కూడా లేచి నిలబడింది.

"ఘర్ చలో," అని ఇంకోసారి వినిపించి, ఫోన్ తెగిపోయింది.

మోతి ఫోన్‌ని చూసింది, రోడ్డును చూసింది. తర్వాత మెల్లగా లేచి ఆటో వైపు నడిచింది. పూజిత సంతోషంతో వెనక్కి తిరిగింది. అమ్మ ఫోన్ తీసుకుని ఆ నంబర్‌నే చూస్తోంది.

"అమ్మా, నువ్వు మాట్లాడనేలేదు."

"నువ్వు మాట్లాడినవ్ గదా."

"ఏమన్న అడుగుదామనుకున్నవా?"

"ఏడున్నడో అడుగుదామనుకున్న," అంది రేణుక. "అడిగినా చెప్పకపోతుండె."

ఆటో కదిలింది. మోతి ఇద్దరి మధ్యన ఇరుక్కుని, రేణుక చేతిలోని ఫోన్‌కు ముక్కు ఆనించింది. దాని తడి అద్దం మీద అంటింది. రేణుక తుడవలేదు, పర్సులో పెట్టలేదు. కనకమామిడి వచ్చేదాకా చెయ్యి అలాగే కదలకుండా పట్టుకుంది.