జడ విప్పిన గురువారం

ముత్తవ్వ తలమీది జడను ఎల్లమ్మ తల్లి కట్టిందా, దువ్వెన పెట్టకపోతే అదే కట్టుకుందా అన్న అనుమానం నిరోషకు ఎనిమిదో ఏటి నుంచీ ఉంది. ఎవరినీ అడగడానికి ధైర్యం చాలలేదు.

ముత్తవ్వ ఆమెకు తల్లి అక్క, పెద్దవ్వ అవుతుంది. ఉండేది దోమకొండలో. పదమూడో ఏట జ్వరం పడి లేచాక ఆమె జుట్టు అట్టకట్టి, తాడులా పేనుకుపోయింది. ఎల్లమ్మ తల్లి కోరుకుందని పెద్దలు తేల్చారు. జడకు పసుపు పెట్టి మెడలో గవ్వల దండ వేశారు. ఆ తరువాత ఆ తలకు దువ్వెన తగల్లేదు, ఆమె పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడా జడ మోకాళ్ల దాకా దిగింది. జాతరల్లో జనం ఆమె కాళ్లకు మొక్కుతారు. నిరోష కూడా మనసారా మొక్కింది. కానీ చిన్నప్పుడొక ఎండాకాలం మధ్యాహ్నం, జడ బరువుకు మెడ నిలవక గోడకు తల ఆనించి, వెదురుపుల్లతో లోపల గోక్కుంటున్న పెద్దవ్వను చూసింది. తల్లి ఇచ్చిన వరం ఇంత దురద పెడుతుందా అనుకుంది. అనుకున్నందుకు లెంపలు వేసుకుంది.

ముప్పై నాలుగో ఏట ఆ అనుమానం ఆమె ఇంట్లోకే వచ్చి కూర్చుంది.

నిరోష కాపురం ఎల్లారెడ్డిలో. భర్త సతీశ్ మస్కట్‌లో పనిచేస్తాడు. ఇంట్లో అత్తమ్మ సాలవ్వ, కూతురు తార. తారకు పదకొండేళ్లు, ఆరో తరగతి. మొన్న శివరాత్రి దాటగానే పిల్లకు ఒంటినిండా పొక్కులు పోశాయి. ఆటలమ్మ అనరు, తల్లి వచ్చిందంటారు. తల్లి ఇంట్లో ఉన్నన్ని రోజులూ పోపు వేయరు, తలకు నూనె పెట్టరు, దువ్వరు, తలంటరు. పక్కమీద వేపాకు పరుస్తారు. నిరోష అన్నీ తప్పకుండా చేసింది. పంతొమ్మిది రోజులు పిల్ల ఆ వేపాకుమీదే అటూ ఇటూ పొర్లింది. ఇరవయ్యో రోజు సాలవ్వ కుంకుడుకాయలు నలగ్గొట్టి, జుట్టంతా నడినెత్తికి కుప్పచేసి, నురుగు వచ్చేదాకా గుండ్రంగా రుద్ది పోసింది. ఆరాక చూస్తే మెడ వెనుక నుంచి చెవిదాకా జుట్టంతా ఒకే ముద్ద, పిడికిలంత. ఆముదం పట్టిస్తే మెత్తబడుతుందనుకున్నారు. అది మరింత బిగుసుకుంది.

సాలవ్వ దాన్ని తడిమి చేయి వెనక్కి తీసుకుంది.

"తల్లి పోలే. పిల్ల నెత్తిమీదనే కూసున్నది" అంది మెల్లగా.

సాలవ్వ చెడ్డ మనిషి కాదు. భయపడింది, అంతే. భయం వేసినప్పుడు ఆమెకు తెలిసిన దారి ఒక్కటే. దోమకొండకు ఫోను చేసింది. శుక్రవారం పొద్దున వచ్చి పసుపు పెడతానని ముత్తవ్వ చెప్పింది. సతీశ్‌కు చెబితే, అమ్మ ఎట్లంటే అట్ల చేయమని చెప్పి ఫోను పెట్టేశాడు. పసుపు పడితే ఇక దువ్వెన లేదు, కత్తెర లేదు. బడి ఎన్నాళ్లు సాగుతుందో తెలియదు. పిల్ల ఇక ఇంటి పిల్ల కాదు, ఎల్లమ్మ తల్లి పిల్ల. వీధిలో అప్పుడే ఇద్దరు ముసలమ్మలు తారను చూసి చేతులు జోడించారు. పిల్ల బిత్తరపోయి లోపలికి పరిగెత్తింది.

నిరోష నోరు తెరవబోతే సాలవ్వ ఒక్క మాటతో మూయించింది.

"తార ఏడో నెల్ల పుట్టినప్పుడు నువ్వే మొక్కినవు గదనే, బతికితే ఎల్లమ్మకు బోనం ఎత్తుకుంటనని. పదకొండేండ్లాయె. తల్లి ఊకుంటదా?"

అది నిజం. ఒక ఏడు సతీశ్ ప్రయాణం, ఒక ఏడు సాలవ్వ కంటి ఆపరేషను, ఒక ఏడు మైల, మరో ఏడు ఏ కారణమూ లేదు. ఒక్క కుండెడు బెల్లపన్నం. నిరోష తల దించుకుని బీడీల చాట ముందు కూర్చుంది. ఆకు చుడుతూ, దారం కడుతూ ఒకటే ఆలోచన. మొక్కు బాకీ ఉన్న మాట నిజమే. కానీ బాకీ తనది. తన బాకీకి తల్లి పిల్ల జుట్టు పట్టుకుంటుందా? తను కొలిచే తల్లి అట్లాంటిదా?

బుధవారం ఆమె కామారెడ్డిలో ఉన్న కళ్యాణికి ఫోను చేసింది. ఇద్దరూ పదో తరగతి దాకా ఒకే బెంచీ. కళ్యాణికి బస్టాండు వెనుక గల్లీలో చిన్న బ్యూటీ పార్లరు ఉంది. ఫోటో పంపితే చూసి, నీళ్లు పోయవద్దు, నూనె పెట్టవద్దు, షాంపూ అసలే వద్దు, ఉన్నది ఉన్నట్టు తీసుకురమ్మంది. కత్తెర పెట్టకూడదని నిరోష ముందే ఒట్టు వేయించుకుంది. కత్తిరిస్తే, రేపు పిల్లకు జలుబు చేసినా ఆ కత్తెర వల్లే అంటారు. ఆ మాట ఊళ్లోవాళ్లు అనడం కన్నా తన మనసే అంటుందని ఆమెకు ఎక్కువ భయం.

గురువారం పొద్దున, మచ్చలకు కామారెడ్డిలో డాక్టరుకు చూపిస్తానని అత్తమ్మకు అబద్ధం చెప్పి, తార తలకు స్కార్ఫు కట్టి బస్సెక్కింది. లింగంపేట దాటేదాకా దేవుడి పేరు తలుచుకోవడానికి కూడా ఆమెకు మొహం చెల్లలేదు.

పదిన్నరకు కళ్యాణి పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి ముద్దను వేళ్లతో నొక్కి చూసింది. నిరోష చేసినవన్నీ దాచకుండా చెప్పింది.

"వరి ఆకు చూసినవా? కింది నుంచి పైకి నిమిరితే నున్నగుంటది, ఎదురు నిమిరితే కోస్తది" అంది కళ్యాణి. "ఎంటిక గూడ గంతే. కుంకుడుగాయ గానీ షాంపూ గానీ మురికి తీస్తది, తీసి గరుకు చేస్తది. దాన్ని మీరు గుండ్రంగ రుద్దిండ్రు. ఒకదాన్నొకటి పట్టుకున్నయ్. గా పైన ఆముదం పోసి అతికిచ్చిండ్రు."

"మరి ఇదేం చేస్తది?" నిరోష డబ్బాలోని తెల్లటి క్రీమును చూపించింది. పెళ్లికి వచ్చిన సబ్బుల పెట్టెలో కండిషనర్ సీసా ఒకటి ఉంటే, షాంపూయే అనుకుని రుద్ది, నురగ రాలేదని పారేసిన మనిషి ఆమె.

"గరుకును పండవెడ్తది. జారుడు చేస్తది. సీసాల వచ్చేది తలంటుకున్నంక రెండు నిమిషాలు పెట్టి కడుక్కునేది. ఇది గట్టిది, అరగంట నాననియ్యాలె. మాడుకు కాదు, ఎంటికలకే."

కళ్యాణి ముద్దకు క్రీము దట్టంగా పట్టించి, వేడినీళ్లలో పిండిన తువ్వాలు చుట్టింది. అరగంట తరువాత పని మొదలైంది. దువ్వెన తీసుకోలేదు. వేళ్లతోనే, కింది కొసల నుంచి, నాలుగేసి వెంట్రుకలు ఊడదీస్తూ పైకి పోయింది. వీడిన పాయను పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో దువ్వి క్లిప్పు పెట్టింది. తార కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఏడవలేదు. పన్నెండున్నరకు సగం కూడా కాలేదు. మళ్లీ క్రీము, మళ్లీ తువ్వాలు.

ఒంటిగంటకు సాలవ్వ ఫోను చేసింది. డాక్టరు దగ్గర లైనులో ఉన్నామని నిరోష రెండో అబద్ధం ఆడింది. అప్పుడు సాలవ్వ ఇంకో మాట చెప్పింది. ముత్తవ్వ రేపు కాదు, ఇవాళే బయలుదేరింది. కామారెడ్డి బస్టాండులో దిగి నాలుగు గంటల బస్సు ఎక్కుతుంది. మీరూ అక్కడే ఉన్నారు కదా, ఆమెను వెంటబెట్టుకుని రండి అని.

నిరోష గోడ గడియారం చూసింది. చీరకొంగు నడుముకు దోపి కుర్చీకి అవతలి పక్క నిలబడింది. రోజుకు వేయి బీడీలకు దారం కట్టిన వేళ్లవి. సన్నదారం ఎక్కడ తిరిగిందో కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. కళ్యాణి ఒక పక్కా, ఆమె ఒక పక్కా. ఇద్దరూ మాటలు మానేశారు. రెండున్నరకు చెవి వైపంతా వీడింది. మెడ దగ్గర వక్కంత ముడి ఒక్కటే మిగిలింది. అది ఎటు లాగినా కదల్లేదు. క్రీము దానిలోకి దిగడం లేదు. తార మొదటిసారి అబ్బా అంది.

కళ్యాణి కత్తెర అందుకుంది. "నిరోషా, పది ఎంటికలు. ఎవ్వరికి తెలుస్తది?"

"నాకు తెలుస్తది."

"బస్సు టైమైతుంది."

"కానియ్. ఇంక కొంచెం క్రీమెయ్యి."

ఆ చివరి ముడి దగ్గర నిరోష లోపల దండం పెట్టుకుంది. తల్లీ, నువ్వు కట్టిందే అయితే నా వేళ్లకు చేతకాకుండా చెయ్యి, నేను తల వంచుతాను. కాకపోతే విడువు. ముడిని రెండు వేళ్ల మధ్య దొర్లిస్తూ క్రీము ఎక్కించింది. కొసగోటికి గట్టిగా ఏదో తగిలింది. వెంట్రుక కాదు. మెల్లగా అటూ ఇటూ ఆడిస్తే అగ్గిపుల్లలో సగమంత ఎండు వేపపుల్ల జారి బయటికి వచ్చింది. దానికి ఈనె ఒకటి అంటుకునే ఉంది. పుల్ల రాగానే ముడి లోపల గుల్లయింది. పది నిమిషాల్లో వీడిపోయింది.

కళ్యాణి పిల్లను బేసిను దగ్గర వెనక్కి వాల్చి చన్నీళ్లు పోసింది. క్రీమంతా కొట్టుకుపోతుంటే నిరోషకు ప్రాణం ఉసూరుమంది.

"ఇంత రాసి కడిగేస్తున్నవ్. మళ్ల చిక్కువడదా?"

"పోయేది పోతది. పట్టాల్సింది పట్టింది" అంది కళ్యాణి. చేతినిండా తెగిన జుట్టు వచ్చినా, మిగతాది నున్నగా వీపుమీద పరుచుకుంది. తడి పిండి ఒంటిజడ వేసింది.

నాలుగుకు పది నిమిషాలుండగా బస్టాండు చేరారు. ముత్తవ్వ బెంచీమీద కూర్చుని ఉంది. జడను చుట్టి ఒడిలో పెట్టుకుంది. పక్కన కూర్చోవడానికి ఎవరూ సాహసించక చుట్టూ ఖాళీగా ఉంది. పసుపు మూటతో ఉన్న గుడ్డసంచి భుజానికి వేలాడుతోంది. తారను చూసి దగ్గరికి రమ్మని సైగ చేసింది. పిల్ల నిరోష మొహం చూసింది. నిరోష పొమ్మంది. ముత్తవ్వ చేయి తార నడినెత్తిమీద పడింది. మెడ దగ్గరికి జారింది. అక్కడ ఆగలేదు, జడ వెంట కొసదాకా దిగి ఖాళీగా గాలిలో నిలిచింది.

"ఏది?" అంది ముత్తవ్వ.

నిరోష డాక్టరు మాట అబద్ధమని, పార్లరుకు తీసుకుపోయానని, కత్తెర పెట్టలేదని, ఉన్నదంతా చెప్పింది. కొంగుముడి విప్పి వేపపుల్ల ముత్తవ్వ అరచేతిలో పెట్టింది. నెత్తిలో ఇది దొరికిందంది. వేప కూడా తల్లిదే కదా పెద్దవ్వా, ఏది ఎవరు చేశారో నాకు తెలియదు అంది.

ముత్తవ్వ పుల్లను అటూ ఇటూ తిప్పి చూసింది. ఎల్లారెడ్డి బస్సు వచ్చి ఆగింది. జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు. ఆమె లేవలేదు.

"ఎంతసేపు పట్టింది?"

"నాలుగున్నర గంటలు పెద్దవ్వా."

"ఇద్దరు కూసున్నరా?"

"నిలవడ్డం."

ముత్తవ్వ తన ఒడిలోని జడమీద చేయి వేసింది. బరువును చూసుకుంటున్నట్టు కొంచెం ఎత్తి, మళ్లీ దించింది.

"నా తాన ఎవ్వలు నాలుగు గంటలు కూసోలే బిడ్డా" అంది.

అంతే అంది. లేచి బస్సెక్కి తారను కిటికీ పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమె మనసులో ఏముందో తెలియక నిరోష వెనుక సీట్లో కూర్చుని, ఆమె భుజానికున్న పసుపు సంచినే చూస్తూ వచ్చింది.

ఎల్లారెడ్డిలో సాలవ్వ గడపలోనే ఎదురుచూస్తోంది. తార జడ చూసి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నిరోష ముందుకు వచ్చి ఆడిన రెండు అబద్ధాలూ ఒప్పుకుంది. సాలవ్వ ఆమెను కాదు, ముత్తవ్వను చూసింది. ఏదో ఒకటి ఆమె నోటినుంచే రావాలి.

"తల్లి ఈ పిల్లను ఇడిసింది సాలవ్వా. నేను పసుపు పెట్ట" అంది ముత్తవ్వ. "ఇగ దాని నెత్తి జోలికి ఎవ్వలు పోకుండ్రి. మొక్కు మాట వేరే. అది నీ కోడలు తీర్సుకోవాలె."

సాలవ్వ తార జడ కొస పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"డాక్టరు తాన గింత మంచి వాసన ఏడికెళ్లి వస్తదే?" అంది. అని లోపలికి పోయి మంచంమీద కూర్చుని కళ్లు తుడుచుకుంది.

శుక్రవారం పొద్దున నిరోష తలస్నానం చేసి, కొత్త కుండకు సున్నం, పసుపు పూసింది. సాలవ్వ బెల్లపన్నం వండింది. కుండమీద దీపం పెట్టి నెత్తికి ఎత్తుకుని, నిరోష చెప్పులు లేకుండా ఎల్లమ్మ గుడిదాకా నడిచింది. వెనుక తార, సాలవ్వ, వారి వెనుక తన జడను భుజంమీద వేసుకుని ముత్తవ్వ. గుడిముందు బోనం దించి, అన్నం తల్లి ముందు పెట్టి, నిరోష నేలకు తల ఆనించింది. అడగాల్సింది ఏమీ లేదు. ఆలస్యమైందని మాత్రం చెప్పుకుంది. పదకొండేళ్ల మొక్కు తీరింది.